ఏఐతో నడిపే కథకి జ్ఞాపకం ఎక్కడ పెట్టాలి? ఐదు దారుల పోలిక

ఏఐతో ఇంటరాక్టివ్ కథ మొదలుపెట్టినవాళ్ళకి మొదటి గంట పండగలా గడుస్తుంది. మనం ఒక వాక్యం రాస్తే అది రెండు పేరాలు రాస్తుంది. పాత్రలు మాట్లాడతాయి, వాన పడుతుంది, ఎవరో తలుపు కొడతారు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. మూడో అధ్యాయంలో చనిపోయిన తాతగారు ఏడో అధ్యాయంలో వీధరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటారు. ఇనప్పెట్టె తాళంచెవి మన చేతిలోనే ఉంటుంది, అయినా దాన్ని వెతకమని కథ మళ్ళీ పంపిస్తుంది. నిన్నటిదాకా "మీరు" అన్న పాత్ర ఇవాళ ఉన్నట్టుండి "నువ్వు" అంటుంది. చదివేవాడికి ఆ క్షణంలోనే కథ మీద నమ్మకం పోతుంది.

దీన్ని సరిచేసే పద్ధతులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఏ ఫోరంలో అడిగినా "పెద్ద కాంటెక్స్ట్ ఉన్న మోడల్ వాడు" అని ఒకరు, "లోర్‌బుక్ పెట్టుకో" అని ఇంకొకరు, "వెక్టర్ డేటాబేస్ లేకుండా కుదరదు" అని మరొకరు చెబుతారు. (ఈ మాటల అర్థాలు కింద ఒక్కొక్కటిగా వస్తాయి.) ముగ్గురి మాటా నిజమే, కాకపోతే ముగ్గురూ మూడు రకాల కథల గురించి మాట్లాడుతున్నారు. మీ కథ ఏ రకమో తేల్చుకుంటే ఎంపిక తేలికవుతుంది.

ముందుగా ఒక్క సంగతి తెలియాలి. భాషా మోడల్‌కి, అంటే కథ రాసే ఏఐకి, ఒక మలుపుకీ (మనం ఒకసారి రాయడం, అది బదులివ్వడం) తర్వాతి మలుపుకీ మధ్య ఏదీ గుర్తుండదు. మనం ఏదన్నా టైప్ చేసిన ప్రతిసారీ అప్పటిదాకా జరిగిన పాఠాన్ని యాప్ మళ్ళీ దానికి పంపుతుంది. పంపినదాన్ని చదివి అది తర్వాతి ముక్క రాస్తుంది. ఒకసారికి ఎంత పంపొచ్చన్న హద్దే కాంటెక్స్ట్ విండో. 2019లో నిక్ వాల్టన్ తయారుచేసిన ఏఐ డంజన్ అనే కథల ఆట జీపీటీ-2 మోడల్ మీద నడిచింది. ఆ మోడల్ విండో 1,024 టోకెన్లు (మోడల్ చదివే చిన్న పాఠపు ముక్కలు), అంటే ఒకటి రెండు పేజీల పాఠం. 2024 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించిన జెమినై 1.5 ప్రో 10 లక్షల టోకెన్ల దాకా తీసుకోగలిగింది. హద్దు అంత దూరం జరిగినా కథలు మతిమరుపు పడుతూనే ఉన్నాయి. కాబట్టి సమస్య చోటు ఒక్కటే కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కథ ఏ నిజాల మీద తిరుగుతుందో వాటిని మోడల్ జ్ఞాపకానికి వదలకూడదు. వాటిని మనమే బయట పట్టుకోవాలి. మాట తీరు, వాతావరణం, పాత కబుర్ల లాంటివి మోడల్‌కి వదిలేసినా నష్టం లేదు. కింద ఉన్న పోలిక అంతా ఈ దృష్టితోనే రాశాను.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

కథ పొడవు. ఒక సాయంత్రంతో ముగిసే కథకి, ఆరు నెలలు నడిచే కథకి ఒకే మందు పనిచేయదు. ఒక్క కూర్చోబాటులో ముగిసేదైతే మొదటి దారి చాలు, ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు.

తప్పకూడని నిజాలు ఎన్ని. అపరాధ పరిశోధన కథలో తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నది తప్పితే కథ మొత్తం కూలిపోతుంది. ఇద్దరు స్నేహితులు రైల్లో కబుర్లు చెప్పుకునే కథలో ఒకరి చొక్కా రంగు మారితే ఎవరూ పట్టించుకోరు. మీ కథలో తప్పితే కథే ఉండదనిపించే నిజాలు ఏవో కాగితం మీద రాసి చూడండి. పది లోపు ఉంటే ఒక దారి, యాభై దాటితే ఇంకో దారి.

ఎవరికి ఏం తెలుసు. అందరూ జ్ఞాపకం అనగానే మరిచిపోవడం గురించే కంగారుపడతారు గానీ, ఎక్కువ కథలు చెడేది మోడల్‌కి మరీ ఎక్కువ గుర్తుండటం వల్ల. భారతాన్నే తీసుకోండి. కర్ణుడు కుంతి కొడుకని కుంతికి తెలుసు, కృష్ణుడికి తెలుసు, భీష్ముడికి తెలుసు. యుద్ధానికి ముందు కర్ణుడికీ తెలుస్తుంది. పాండవులకి మాత్రం యుద్ధమంతా అయ్యాక, స్త్రీపర్వంలో, చనిపోయినవాళ్ళకి తర్పణాలు వదిలేటప్పుడు కుంతి చెబితే గానీ తెలియదు. దీన్ని ఇంటరాక్టివ్ కథగా చేసి, పాఠకుడిని అర్జునుడి స్థానంలో కూర్చోబెట్టారనుకుందాం. ఆ రహస్యం కాంటెక్స్ట్‌లో ఉందంటే, అర్జునుడు కర్ణుడి మీద బాణం ఎక్కుపెట్టిన ప్రతిసారీ మోడల్ "ఎందుకో చెయ్యి వణికింది", "ఏదో తెలియని బంధం" అంటూ ఆనవాళ్ళు వదులుతుంది. "ఈ సంగతి అర్జునుడికి తెలియదు, బయటపెట్టొద్దు" అని ప్రాంప్ట్‌లో (మోడల్‌కి ఇచ్చే సూచనలో) రాసినా పూర్తిగా ఆగదు. ఆ హెచ్చరిక చదవడం వల్లే దాని దృష్టి అటు వెళ్తుంది. రహస్యం మీద నడిచే కథైతే సమయం వచ్చేదాకా ఆ రహస్యాన్ని మోడల్‌కి పంపకుండా ఉండగలగాలి. కొన్ని దారుల్లో అది కుదురుతుంది, కొన్నింటిలో కుదరదు.

వరసలు, మర్యాదలు. ఇది తెలుగులో రాసేవాళ్ళకి ప్రత్యేకంగా ఉండే బాధ. గోదావరి గట్టున ఒక పాత మేడలో జరిగే కథ అనుకోండి. జానకి తన మేనమామని "మావయ్యా, మీరు" అంటుంది. ఆయన "అమ్మడూ, నువ్వు" అంటాడు. వంట చేసే శేషమ్మ జానకిని "అమ్మాయిగారూ" అంటుంది. మోడల్ ఈ ముగ్గురి మధ్య వరసలు కలిపేసిందంటే, కథలో ఏ నిజమూ తప్పకపోయినా ఒక్క తెలుగు పాఠకుడూ రెండో పేజీ తిప్పడు. ఇంగ్లిష్ వాళ్ళ కోసం రాసిన గైడ్లలో ఈ సంగతి కనిపించదు.

తెలుగు టోకెన్ల ఖర్చు. మోడల్ పాఠాన్ని టోకెన్లుగా ముక్కలు చేసుకుని చదువుతుంది. తెలుగు లిపికి ముక్కలు ఎక్కువ పడతాయి. 2024 మే నెలలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ తనే ఒక లెక్క చూపించింది. ఒకే చిన్న పలకరింపు, ముక్కలు చేసే పాత పద్ధతిలో తెలుగులో 159 టోకెన్లు, కొత్త పద్ధతిలో 45. అదే ఇంగ్లిష్‌లో 27 నుంచి 24కి తగ్గింది. అంటే మెరుగుపడ్డాక కూడా తెలుగుకి ఇంగ్లిష్ కంటే దాదాపు రెట్టింపు చోటు కావాలి, పాత పద్ధతిలోనైతే ఆరింతలు. 8,000 టోకెన్ల విండోలో అలాంటి పలకరింపులు పాత లెక్కన 50, కొత్త లెక్కన 177 పడతాయి. "8 వేల టోకెన్లు కథకి చాలు" అని ఎవరైనా చెబితే, అది ఏ భాషలో చాలుతుందో అడగండి. ఇంట్లో కంప్యూటర్ మీద నడుపుకునే ఓపెన్ మోడల్స్‌లో ఈ తేడా మోడల్‌ని బట్టి చాలా మారుతుంది. మీ కథలోంచి ఒక పేజీ తీసి టోకెన్ కౌంటర్‌లో పెట్టి చూసుకోవడం రెండు నిమిషాల పని.

మీరు పెట్టగల శ్రమ. ప్రతి అధ్యాయం అయ్యాక పావుగంట కూర్చుని నోట్స్ సరిచేసుకునే ఓపిక ఉందా, లేక అన్నీ దానంతట అదే జరగాలా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోకపోతే ఎంత మంచి పద్ధతైనా మూడో వారానికి మూలపడుతుంది.

## మొదటి దారి: కథ మొత్తాన్ని కాంటెక్స్ట్‌లోనే ఉంచడం

ఏ ఏర్పాటూ అక్కర్లేదు. పెద్ద విండో ఉన్న మోడల్‌లో చాట్ తెరిచి రాసుకుంటూ పోవడమే. అసలు పాఠం మొత్తం ఉంటుంది కాబట్టి మాట తీరు, వరసలు బాగా నిలుస్తాయి. జానకి ముప్పైసార్లు "మావయ్యా, మీరు" అన్నదంటే ముప్పై ఒకటోసారి కూడా అలాగే అంటుంది. ఈ విషయంలో మిగతా దారులేవీ దీనికి సాటిరావు.

చిక్కు ఏమిటంటే, చోటు ఉన్నంత మాత్రాన అక్కడున్నదంతా సమానంగా పట్టించుకుంటుందని కాదు. పొడవాటి పాఠంలో మొదట్లో, చివర్లో ఉన్న సంగతుల్ని మోడల్స్ బాగా పట్టుకుంటాయనీ, మధ్యలో ఉన్నవి జారిపోతాయనీ 2023లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. కొత్త మోడల్స్ చాలా మెరుగయ్యాయి గానీ కథల్లో ఈ లక్షణం ఇంకా కనిపిస్తుంది. పైగా కథలో ఒకే విషయం మారుతూ ఉంటుంది. తాళంచెవి రెండో అధ్యాయంలో శేషమ్మ దగ్గర ఉంది, ఐదులో మావయ్య దగ్గరికి పోయింది, ఆరులో బావిలో పడింది. మూడూ పాఠంలో ఉన్నాయి, మూడూ అప్పటికి నిజాలే. చివరిది మాత్రమే ఇప్పటి నిజమని మోడల్ ప్రతిసారీ సరిగ్గా తేల్చుకోవాలి.

రహస్యాల సంగతి చెప్పనక్కర్లేదు. కథలో ఒకసారి రాసిందేదీ దాచడానికి వీలుండదు. ఏపీఐ ద్వారా (మన ప్రోగ్రామ్ నుంచే మోడల్‌ని నేరుగా పిలిచే దారి) డబ్బు కట్టి వాడుతుంటే, కథ పెరిగేకొద్దీ ఒక్కో మలుపు ఖర్చూ పెరుగుతుంది. ముందు పంపిన పాఠాన్నే మళ్ళీ పంపినప్పుడు తక్కువ రేటు వేసే ఏర్పాటు పెద్ద కంపెనీలు పెట్టాయి గానీ, మధ్యలో ఒక్క మాట దిద్దినా అక్కణ్ణుంచి మళ్ళీ పూర్తి రేటు పడుతుంది.

## రెండో దారి: సారాంశం

పాత అధ్యాయాల్ని కుదించి పైన పెట్టి, ఇటీవలి పేజీల్ని మాత్రం పూర్తిగా పంపడం ఈ పద్ధతి. ఏఐ డంజన్ ఇప్పుడు తనంతట తానే సారాంశం తయారుచేసుకుంటుంది. ఉచితంగా దొరికే సిల్లీటావెర్న్ అనే చాట్ ప్రోగ్రామ్‌లో సమ్మరైజ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. ఏదీ లేకపోయినా "ఇప్పటిదాకా జరిగింది 20 వాక్యాల్లో చెప్పు" అని అడిగి, వచ్చినదాన్ని కొత్త చాట్‌లో అతికించుకోవచ్చు.

చోటు బాగా ఆదా అవుతుంది. తెలుగులో రాసేవాళ్ళకి ఇది పెద్ద లాభం. అయితే మోడల్‌కి వదిలేస్తే అది సంఘటనలు పట్టుకుంటుంది, గొంతులు వదిలేస్తుంది. "జానకి తన మేనమామతో గొడవపడింది" అని మిగులుతుంది. ఆ గొడవలో శేషమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నదన్న సంగతి ఎగిరిపోతుంది. నాలుగు అధ్యాయాల తర్వాత కథకి కావాల్సింది అదే అయినప్పుడు చేసేదేమీ ఉండదు. సారాంశానికి సారాంశం తీస్తూ పోతే పదో అధ్యాయానికి మిగిలేది వార్తాపత్రిక శీర్షికల్లాంటి పాఠం.

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అడ్డుపడి ఎన్ని కబుర్లు చెప్పించినా, చివర ధారణలో అవధాని అప్పజెప్పేది పద్యాలనే. ఏది నిలవాలో, ఏది పోయినా పర్వాలేదో ముందే తెలిసి ఉండటం వల్ల అది సాధ్యమవుతుంది. సారాంశం పద్ధతి కూడా అలా ముందే చెప్పి చేయిస్తేనే పనికొస్తుంది. "సారాంశం రాయి" అని వదిలేయకండి. "ఎవరు ఏం విన్నారు, ఏ వస్తువు ఎవరి చేతికి పోయింది, ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారు, ఎవరు ఎవరిని ఎలా పిలుస్తున్నారు" అని నాలుగు తలకట్లు ఇచ్చి వాటి కింద రాయమనండి. వచ్చింది మీరు చదివి దిద్దండి. అధ్యాయానికి పది నిమిషాలు పడుతుంది, కానీ పది అధ్యాయాలు నిలబెడుతుంది.

## మూడో దారి: లోర్‌బుక్

పాత్రలు, చోట్లు, వస్తువుల గురించి చిన్న చిన్న కార్డులు రాసిపెట్టుకుంటాం. ఒక్కో కార్డుకి కొన్ని గుర్తుమాటలు ఇస్తాం. ఇటీవలి పాఠంలో ఆ మాట కనిపిస్తే ఆ కార్డు మోడల్‌కి వెళ్తుంది, లేకపోతే వెళ్ళదు. 2021లో వచ్చిన నావెల్‌ఏఐ అనే కథలు రాసే సేవలో దీన్ని లోర్‌బుక్ అంటారు, సిల్లీటావెర్న్‌లో వరల్డ్ ఇన్ఫో, ఏఐ డంజన్‌లో స్టోరీ కార్డ్స్. పేర్లు వేరు, పని ఒకటే.

నాకు ఇష్టమైన దారి ఇదే. ఎందుకంటే కథ ప్రపంచం ఎలా ఉండాలో మన మాటల్లో మనమే రాసుకుంటాం. శేషమ్మ కార్డు ఇలా ఉండొచ్చు:

> శేషమ్మ. 60 ఏళ్ళు. మేడలో వంట చేస్తుంది. జానకిని "అమ్మాయిగారూ, మీరు" అంటుంది, మావయ్యని "బాబుగారు" అంటుంది. నేరుగా జవాబు చెప్పదు, ముందు ఒక సామెత చెప్పి తర్వాత విషయానికి వస్తుంది. కోపం వస్తే మాట్లాడటం మానేసి గిన్నెలు తోముతుంది.

ఐదారు వాక్యాలు దాటకూడదు. జీవిత చరిత్ర రాస్తే మోడల్ దాన్ని కథలో గుమ్మరిస్తుంది. ఎలా మాట్లాడుతుంది, ఏం చేస్తుంది, ఎవరిని ఏమని పిలుస్తుంది అన్నవి చాలు.

తెలుగులో ఇక్కడొక గుంట ఉంది. ఈ టూల్స్ అక్షరాలు సరిపోల్చి చూస్తాయి. "శేషమ్మ" అని గుర్తుమాట ఇస్తే, పూర్తి పదమే సరిపోవాలన్న సెట్టింగ్ ఆన్‌లో ఉన్న కొన్ని టూల్స్‌లో "శేషమ్మకి", "శేషమ్మతో" దొరక్కపోవచ్చు. ఆ సెట్టింగ్ ఆఫ్ చేస్తే ఇవి దొరుకుతాయి. అసలు కష్టం మాట రూపమే మారిపోయే చోట. "ఇల్లు" అని గుర్తుమాట ఇస్తే "ఇంటికి", "ఇంట్లో" దొరకవు. "ఊరు" ఇస్తే "ఊళ్ళో" దొరకదు. "గుర్రం" ఇస్తే "గుర్రాన్ని" దొరకదు. అందుకని ప్రతి మాటకీ మారే రూపాలన్నీ గుర్తుమాటల్లో విడివిడిగా ఇవ్వాలి: ఇల్లు, ఇంటి, ఇంట్లో, ఇళ్ళ. పాత్రల పేర్లు ఎంచుకునేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది. "రామయ్య", "జానకి" లాంటి పేర్లకి ఏ విభక్తి చేరినా పేరు అలాగే ఉంటుంది. "సోమరాజు" మాత్రం పక్కన మాట కలిసినప్పుడు "సోమరాజిచ్చాడు" అయి తప్పించుకుంటాడు. "మావయ్య", "మామయ్య", "మాంగారు" ఒకరే అయితే మూడూ ఇవ్వండి.

రహస్యాలు దాచడానికి ఈ పద్ధతి బాగుంటుంది. వీలునామా మారిందన్న సంగతి ఉన్న కార్డుని ఆఫ్ చేసి ఉంచి, ఏడో అధ్యాయం రాగానే ఆన్ చేయొచ్చు. బలహీనత ఏమిటంటే, కార్డులు వాటంతట అవి మారవు. తాళంచెవి చేతులు మారిన ప్రతిసారీ మీరే కార్డు దిద్దాలి. మరిచిపోతే పాత కార్డు కొత్త పాఠంతో గొడవపడుతుంది, ఎక్కువసార్లు పాత కార్డే గెలుస్తుంది. అందుకే లోర్‌బుక్‌లో మారనివి పెట్టండి: స్వభావాలు, వరసలు, చోట్లు, చరిత్ర. క్షణక్షణం మారేవి దీనికి సరిపడవు.

## నాలుగో దారి: వెక్టర్ వెతుకులాట

పాత పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క అర్థాన్ని అంకెల వరుసగా మార్చి దాచుకుంటారు. కొత్త మలుపు రాగానే దానికి అర్థంలో దగ్గరగా ఉన్న పాత ముక్కల్ని వెతికి తెస్తారు. అక్షరాలు సరిపోలక్కర్లేదు, కాబట్టి "ఇల్లు", "ఇంట్లో" బాధ ఉండదు. వందల పేజీల కథలో ఎప్పుడో రెండో అధ్యాయంలో చెప్పిన చిన్న మాట నలభయ్యో అధ్యాయంలో తిరిగి వస్తే కలిగే ఆనందం వేరు.

ఈ పద్ధతికి అందరూ చూపించే ఉదాహరణ 2023లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు చేసిన ప్రయోగం. ఒక చిన్న ఊరు, అందులో 25 ఏఐ పాత్రలు. ప్రతి పాత్రకీ తను చూసిన, విన్న సంగతుల జాబితా విడిగా ఉంటుంది. ఏది గుర్తుకు రావాలో మూడు లెక్కలతో తేల్చారు: ఎంత ఇటీవల జరిగింది, ఎంత ముఖ్యమైనది, ఇప్పటి సందర్భానికి ఎంత దగ్గరది. ముఖ్యం ఎంతో 1 నుంచి 10 లోపు మోడల్ చేతే మార్కులు వేయించారు. అప్పుడప్పుడు పాత్ర ఆగి, జరిగినవాటి నుంచి "నాకు ఫలానా మనిషి అంటే ఇష్టం" లాంటి నిర్ణయాలు చేసుకుని వాటినీ జాబితాలో రాసుకుంటుంది. ఒక్కో పాత్రకి ఒక్కో జాబితా ఉండటం వల్ల, ఒకరికి తెలిసింది ఇంకొకరికి మాట్లాడుకుంటేనే తెలుస్తుంది. కర్ణుడి రహస్యం లాంటివి నిలబడాలంటే ఇలాంటి ఏర్పాటే కావాలి.

మామూలు టూల్స్‌లో దొరికే వెక్టర్ జ్ఞాపకం మాత్రం చాలావరకు మూడో లెక్క ఒక్కటే చూస్తుంది. "తాళంచెవి ఏదీ?" అని జానకి అడిగితే తాళంచెవి ప్రస్తావన ఉన్న ముక్కలన్నీ తెస్తుంది. శేషమ్మ దగ్గర ఉన్నప్పటిదీ వస్తుంది, బావిలో పడ్డప్పటిదీ వస్తుంది. ఏది ముందో ఏది వెనకో దానికి తెలియదు. ప్రతి ముక్క మొదట్లో "అధ్యాయం 5, రాత్రి" అని చేర్చి దాచుకుంటే కొంత నయం.

తెలుగు విషయంలో ఇంకో జాగ్రత్త. అర్థాన్ని అంకెలుగా మార్చే మోడల్ ఇంగ్లిష్ మీదే తయారైనదైతే తెలుగు ముక్కలన్నీ దానికి ఒకేలా కనిపిస్తాయి, తెచ్చేవి సంబంధం లేకుండా ఉంటాయి. బీజీఈ-ఎం3, మల్టీలింగ్వల్ ఈ5 లాంటి బహుభాషా మోడల్స్ పెట్టుకోవాలి. ఈ మాటలు చదివితేనే టెన్షన్ వస్తోందంటే ఈ దారి ఇప్పటికి వద్దు. వంద పేజీల లోపు కథకి దీని అవసరం రాదు.

## ఐదో దారి: స్థితి ప్రోగ్రామ్ దగ్గర, రాత మోడల్ దగ్గర

ఏఐ రాకముందు నుంచీ ఇంటరాక్టివ్ కథలు నడిచింది ఇలాగే. 2009లో క్రిస్ క్లైమస్ తెచ్చిన ట్వైన్ అనే కథలు కట్టే టూల్‌లో అయినా, ఇంకిల్ సంస్థ 2016లో ఓపెన్ సోర్స్ చేసిన ఇంక్ భాషలో అయినా కథ స్థితి వేరియబుల్స్‌లో (ప్రోగ్రామ్ విలువలు దాచుకునే పేర్లలో) ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గర అంటే ఒక్కటే జవాబు, అది ఎప్పటికీ తప్పదు. 2005లో మైకేల్ మటియాస్, ఆండ్రూ స్టెర్న్ చేసిన ఫసాడ్ అనే ఇంటరాక్టివ్ నాటకంలో పాఠకుడు ఏదైనా టైప్ చేయొచ్చు, కానీ తర్వాత ఏ ఘట్టం రావాలో ప్రోగ్రామే తేల్చేది. ఇప్పుడు ఆ రాత పని మోడల్ చేస్తుంది, లెక్క ప్రోగ్రామ్ చూసుకుంటుంది.

నడిచే తీరు ఇది. పాఠకుడు టైప్ చేసినదాన్ని మోడల్‌కి ఇచ్చి, "ఇది ఈ జాబితాలో ఏ పని?" అని అడుగుతాం. అది చెప్పిన పని కుదురుతుందో లేదో ప్రోగ్రామ్ చూసి స్థితి మారుస్తుంది. మారిన స్థితిని ఇచ్చి "ఇప్పుడు రాయి" అంటాం. మోడల్‌కి వెళ్ళే చీటీ ఇలా ఉంటుంది:

> చోటు: మేడ మెట్లు, రాత్రి, కరెంటు లేదు
> ఉన్నవాళ్ళు: జానకి, శేషమ్మ
> తాళంచెవి: బావిలో
> తాతగారు: చనిపోయారు
> జానకికి తెలిసింది: పెట్టె ఉందని
> శేషమ్మ నమ్మకం: 10కి 6

వీలునామా మాట ఇందులో ఎక్కడా లేదు. ఇద్దరిలో ఎవరికీ తెలియదు కాబట్టి ప్రోగ్రామ్ దాన్ని పంపలేదు. పంపనిది బయటపడదు. రహస్యాలున్న కథకి ఇంతకంటే గట్టి కాపలా లేదు.

దీని ధర శ్రమ. ఏ పనులు కుదురుతాయి, ఏవి దేన్ని మారుస్తాయి అన్నది ముందే ఆలోచించాలి. పాఠకుడు మీరు ఊహించనిది చేస్తే, ఉదాహరణకి జానకి ఇల్లు వదిలి రాజమండ్రి బస్సెక్కితే, ప్రోగ్రామ్ దగ్గర దానికి జవాబు ఉండదు. ఆ స్వేచ్ఛ కోసమే ఏఐ కథలకి వచ్చినవాళ్ళకి ఇది ఇరుగ్గా అనిపిస్తుంది. కోడింగ్ రానివాళ్ళు ఇదే చీటీని చేత్తో రాసుకుని, ప్రతి ఘట్టం ముందు చాట్‌లో అతికించొచ్చు. పొడవాటి కాంటెక్స్ట్‌లో కూడా చివర్లో ఉన్న మాటకి మోడల్ బాగా విలువిస్తుంది కాబట్టి ఈ చిన్న పని చాలా తప్పుల్ని ఆపుతుంది.

చాట్‌జీపీటీ లాంటి వాటిలో ఉండే "మెమరీ" సౌకర్యం గురించి చాలామంది అడుగుతారు. అది మీ గురించి గుర్తుపెట్టుకోవడానికి పెట్టింది, మీ కథ గురించి కాదు. ఒక కథలోని సంగతి ఇంకో కథలోకి వచ్చే ప్రమాదం కూడా ఉంది. కథలు రాసేటప్పుడు దాన్ని ఆఫ్ చేసి, కథకి ఒక ప్రాజెక్ట్ విడిగా పెట్టుకోండి.

## ఒక్కచోట చూస్తే

| | మొత్తం కాంటెక్స్ట్ | సారాంశం | లోర్‌బుక్ | వెక్టర్ | ప్రోగ్రామ్‌లో స్థితి |
|---|---|---|---|---|---|
| సరిపడే పొడవు | ఒకటి రెండు కూర్చోబాట్లు | పది, పదిహేను అధ్యాయాలు | ఎంతైనా | వందల పేజీలు | మీరు కట్టినంత |
| మారే నిజాలు | తడబడుతుంది | దిద్దితే బాగు | మీరే మార్చాలి | పాతా కొత్తా కలుపుతుంది | తప్పదు |
| రహస్యాలు | దాగవు | కొంత | బాగా దాగుతాయి | పాత్రకో జాబితా ఉంటే | పూర్తిగా దాగుతాయి |
| వరసలు, గొంతులు | చాలా బాగు | పోతాయి | బాగు | ఒక్కోసారి | చీటీలో రాస్తేనే |
| తెలుగులో చోటు ఖర్చు | చాలా ఎక్కువ | తక్కువ | తక్కువ | మధ్యస్థం | చాలా తక్కువ |
| మీ శ్రమ | లేదు | అధ్యాయానికి పది నిమిషాలు | మొదట్లో ఎక్కువ | ఏర్పాటు కష్టం | అన్నిటికంటే ఎక్కువ |

## ఎవరికి ఏది

రాత్రి పడుకునే ముందు ఒక గంట సరదాగా ఆడుకునేవాళ్ళకి మొదటి దారి, దానికి తోడు పది లైన్ల చీటీ. ఇంకేమీ అక్కర్లేదు. కథ నచ్చి వారం దాటితే అప్పుడు సారాంశం గురించి ఆలోచించండి.

నెలల తరబడి ఒకే ప్రపంచంలో రాయాలనుకునే రచయితలు లోర్‌బుక్‌తో మొదలుపెట్టి, అధ్యాయానికో సారాంశం కలపండి. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. గొంతులు, వరసలు కార్డుల్లో నిలుస్తాయి, జరిగినవి సారాంశంలో నిలుస్తాయి. ఎక్కువమందికి నేను చెప్పేది ఈ జోడీనే. కథ కంపెనీ సర్వర్ల మీద ఉండటం ఇష్టం లేనివాళ్ళు సిల్లీటావెర్న్‌కి కోబోల్డ్‌సీపీపీ (సొంత కంప్యూటర్‌లో మోడల్‌ని నడిపే ప్రోగ్రామ్) జతచేసి ఇంట్లో కంప్యూటర్ మీదే నడుపుకోవచ్చు. కాకపోతే ఇంటి కంప్యూటర్‌లో పట్టే చిన్న మోడల్స్ తెలుగు పెద్ద మోడల్స్ అంత బాగా రాయవు. అది ముందే తెలిసి దిగండి.

ఇతరులు ఆడుకోవడానికి కథ తయారుచేసేవాళ్ళు, ముఖ్యంగా పజిల్స్, అపరాధ పరిశోధనలు చేసేవాళ్ళు, ఐదో దారి పట్టాల్సిందే. మీ కథ మీరే ఆడుకుంటే తప్పు కనిపించగానే దిద్దుకుంటారు. ఇతరులు ఆడేటప్పుడు పక్కన మీరుండరు.

పిల్లలకి కథలు చెప్పే తల్లిదండ్రులు, ముఖ్యంగా విదేశాల్లో ఉండి పిల్లలకి తెలుగు అలవాటు చేయాలని చూసేవాళ్ళు, వరసల మీదే దృష్టి పెట్టండి. కథలో తాళంచెవి మాయమైనా పిల్లలు పట్టించుకోరు, తామే ఒక కారణం చెబుతారు. అమ్మమ్మని "నువ్వు" అనాలా "మీరు" అనాలా అన్నది మాత్రం కథలోంచి నేర్చేసుకుంటారు. మీ ఇంట్లో ఎవరిని ఎలా పిలుస్తారో ఆ పిలుపులతోనే ఐదారు కార్డులు రాయండి, ఆ కార్డులు ఎప్పుడూ పంపేలా పెట్టండి. చాలా టూల్స్‌లో గుర్తుమాట లేకుండా ఎప్పుడూ వెళ్ళే కార్డు పెట్టుకునే వీలుంది.

ఇప్పటికే రెండు మూడు వందల పేజీల కథ ఉండి, పాత సంగతులు తిరిగి రావాలనుకునేవాళ్ళు మాత్రమే వెక్టర్ జోలికి వెళ్ళండి. అది కూడా లోర్‌బుక్‌ని తీసేసి కాదు, దానికి తోడుగా.

ఏది ఎంచుకున్నా, అసలు కథ మొదలుపెట్టే ముందు ఒక చిన్న కథ మీద పరీక్షించండి. ఒక వస్తువు రెండుసార్లు చేతులు మారాలి, ఒక మనిషి చనిపోవాలి, ఒక రహస్యం ఇద్దరికే తెలియాలి, ఒక పిలుపు మధ్యలో "మీరు" నుంచి "నువ్వు"కి మారాలి. ఆ తర్వాత సంబంధం లేని కబుర్లతో ఒక ముప్పై మలుపులు నడిపించండి. అప్పుడు ప్రశ్నలా కాకుండా కథలోనే అడగండి: వస్తువు కావాలని ఒక పాత్రతో అనిపించండి, పోయిన మనిషి పేరు ఎత్తండి, రహస్యం తెలియనివాడిని ఆ విషయం దగ్గరికి తీసుకెళ్ళండి, ఆ ఇద్దరినీ మళ్ళీ మాట్లాడించండి. నాలుగింటిలో ఏది తప్పిందో చూసి, పట్టికలో ఆ వరుస దగ్గరికి వెళ్ళండి.